బంతి కనిపించని ఆట

1989వ సంవత్సరము ఫిబ్రవరి నెలలో బి.బి.సి. వారు టెలివిజన్‌లో ఒక చిత్రమును ప్రసారము చేసిరి. దాని పేరు ‘ది ఫర్మ్’. దర్శకుడు అలన్ క్లార్క్. రచయిత ఆల్ హంటర్. నాయకపాత్రధారి గేరీ ఓల్డ్‌మన్. నిడివి సుమారు 70 నిమిషములు. చిత్రమంతయు ఫుట్‌బాల్ అభిమానులను గూర్చినదే. అయినను దానిని కడవరకు చూచినవారికి ఒక వింత తోచును. పేరుగల జట్లు తలపడిన పోటీ ఇందులో ఒక్కటియు లేదు. మొదట కొందరు స్నేహితులు సరదాకు ఆడుకొను ఆట తప్ప, ఆ పిమ్మట బంతి మన కంటబడదు. ఫుట్‌బాల్ జట్టు పేరు చెప్పి నెత్తురు చిందించువారి కథలో ఫుట్‌బాల్ ఏల లేదు? ఈ ప్రశ్నను వెంటబెట్టుకొని ఇంగ్లండు దేశపు క్రీడాచరిత్రలో కొంతదూరము నడచి చూతము.

చిత్రకథ క్లుప్తముగా ఇది. క్లైవ్ బిసెల్ అను యువకుడు, మిత్రులు ‘బెక్సీ’ అని పిలుతురు, ఇండ్లు అమ్మిపెట్టు ఏజెంటు. అతనికి సొంత ఇల్లు కలదు, కారు కలదు, భార్య కలదు, పసివాడు కలడు. తిండికిని గుడ్డకును లోటు లేదు. కాని ఒక మూకకు నాయకుడై, బర్మింగ్‌హాము మూకతోను, లండనులోనే మరియొక మూకతోను ఆయుధములు పట్టి తలపడుట అతనికి జీవితపరమార్థము. 1988లో జర్మనీలో జరుగు ఐరోపా ఛాంపియన్‌షిప్ పోటీలకు ఇంగ్లండులోని మూకలన్నిటిని ఏకము చేసి తీసికొనిపోవలెననియు, ఆ మహామూకకు తానే నాయకుడు కావలెననియు అతని ఆశ. ఒకనాడు ఇంటిలో అతని బ్లేడుకత్తి పసివాని చేతికి చిక్కి, వాని నోరు తెగును. ఈ పాడు వ్యవహారము మానుమని భార్య పట్టుబట్టును. అతడు మానడు, మానలేడు. ఆ కొట్లాటలో కలుగు ఉద్రేకము తనకు కావలెనని మాత్రమే అతడు చెప్పగలడు. తుదకు ప్రత్యర్థి తుపాకిగుండు అతని ప్రాణము తీయును.

ఆబోతులు పోట్లాడుకొని లేగల కాళ్ళు విరుగగొట్టినట్లని మన పెద్దలొక సామెత చెప్పుదురు. ఆ పసివాని నోటిగాయము చూచినపుడు మనకు గుర్తుకు వచ్చునది ఆ సామెతయే. ఈ ప్రసంగము ముగియులోపల అది మరల గుర్తుకు రాగలదు.

కాలిబంతి ఆట ఇంగ్లండునకు క్రొత్తది కాదు. దానివెంట వచ్చు అల్లరియు క్రొత్తది కాదు. 1314వ సంవత్సరములో, రెండవ ఎడ్వర్డు రాజ్యము చేయుచుండగా, లండను మేయరు నికొలాస్ డి ఫార్న్‌డన్ ఒక చాటింపు వేయించెను. పెద్ద బంతుల వెంట జనము తోపులాడుటచే నగరమున గలభా చెలరేగుచున్నదనియు, ఇకమీదట ఈ ఆట ఆడినవారికి చెరసాల తప్పదనియు దాని సారాంశము. ఆ తరువాతి రాజులు కూడ ఇట్టి నిషేధములు పెక్కు విధించిరి. నిషేధము మరల మరల విధింపవలసి వచ్చినదన్నచో, దానిని జనము ఎంతమాత్రము లెక్కచేసిరో మనము ఊహించుకొనవచ్చును.

ఆనాటి ఆటకు హద్దులు లేవు. ఇందరే ఆడవలెనను లెక్క లేదు. ఊరికి ఊరే ఆటగాండ్ర జట్టు. డెర్బీషైరులోని ఆష్‌బోర్న్ అను చిన్న పట్టణములో ఈ ప్రాచీన క్రీడ నేటికిని ఏటేట జరుగుచున్నది. ఒక గోలునకు మరియొక గోలునకు నడుమ సుమారు మూడు మైళ్ళ దూరము. హెన్‌మోర్ అను వాగునకు ఈ గట్టున పుట్టినవారు ఒక జట్టు. ఆ గట్టున పుట్టినవారు వేరొక జట్టు. ఎవడే జట్టువాడో నిర్ణయించునది వాని ఆటనేర్పు కాదు, వాని పుట్టుక. వీడు మనవాడు, వాడు పరాయివాడు అను విభాగము ముందు, ఆట తరువాత. ఈ మాటను మనము జ్ఞాపకముంచుకొందము.

పందొమ్మిదవ శతాబ్దిలో ఈ వీథిక్రీడకు గడ్డుకాలము వచ్చెను. 1835వ సంవత్సరపు రహదారుల చట్టము బాటలపై ఫుట్‌బాల్ ఆడుటను నేరముగా ఎంచెను. పట్టణములు పెరిగెను, పొలములు తరిగెను, కర్మాగారము మనుష్యుని పగలంతయు మ్రింగివేసెను. అట్టి సమయమున ఆటకు పునర్జన్మ నిచ్చినవి రెండు. 1863వ సంవత్సరము అక్టోబరులో లండనులోని ఒక భోజనశాలలో కొన్ని క్లబ్బుల ప్రతినిధులు సమావేశమై ఫుట్‌బాల్ అసోసియేషన్‌ను స్థాపించి, ఆటకు ఒకే రీతి నియమములు ఏర్పరుపబూనుట మొదటిది. శనివారపు సగము సెలవు రెండవది. 1850వ సంవత్సరపు ఫ్యాక్టరీ చట్టము బట్టల మిల్లులలోని స్త్రీలకును పిన్నలకును శనివారము రెండు గంటలతో పని ముగియవలెనని విధించెను. క్రమముగా తక్కిన కార్మికులకును ఆ సౌకర్యము అబ్బెను. పని ముగిసిన మీదట, చీకటి పడకముందు, చేతిలో నాలుగు పెన్నీలు, ఎదుట ఒక మైదానము. మూడు గంటలకు ఆట ప్రారంభమగు సంప్రదాయము ఇట్లు నెలకొనెను.

నేడు లోకప్రసిద్ధములైన క్లబ్బులు పెక్కు ఆ కర్మాగారముల బిడ్డలే. ‘ది ఫర్మ్’ చిత్రములోని మూకకు మూలమైన వెస్ట్ హామ్ క్లబ్బు సంగతి చూడుడు. థేమ్స్ నది ఒడ్డున ‘థేమ్స్ ఐరన్ వర్క్స్’ అను పెద్ద ఓడల కర్మాగారము ఉండెను. 1895వ సంవత్సరములో అచ్చటి పనివారి కొరకు ఒక ఫుట్‌బాల్ జట్టు ఏర్పడెను. 1900లో అదియే వెస్ట్ హామ్ యునైటెడ్ అయ్యెను. ఇనుపరేకులకు మేకులు దిగగొట్టు సుత్తెలు రెండు ఆ క్లబ్బు చిహ్నమున నేటికిని కలవు. దాని బద్ధవైరియైన మిల్‌వాల్ క్లబ్బును 1885లో స్థాపించినవారు ఆ ప్రాంతమునందే జాములు, డబ్బా ఆహారములు తయారుచేయు మోర్టన్ ఫ్యాక్టరీ పనివారు. ఒకరిది ఇనుము, వేరొకరిది పంచదార పాకము. ఇరువురిదియు ఒకే నది, ఒకే పేదరికము. అయినను వారి వైరము నూరేండ్లు దాటి నిలిచినది. దూరపు శత్రువు కంటె ప్రక్కవాని మీదనే పౌరుషము హెచ్చుగా రేగుట లోకసహజము గదా.

పనివానికి ఆ జట్టు ఏమి ఇచ్చెను? కర్మాగారములో అతడు ఒక అంకె; మైదానములో అతనికి ఒక పేరు కలదు, ఒక రంగు కలదు. తండ్రి భుజములపై కూర్చుండి ఆట చూచిన కుమారుడు పెద్దవాడై తన కుమారుని అదే చోటికి తీసికొని పోవును. అచ్చట అపరిచితులు కూడ ‘మనవారే’. మగవాడు నోరారా అరచుటకును, కంట తడిపెట్టుటకును, ప్రక్కవానిని కౌగిలించుకొనుటకును సమాజము అనుమతించిన స్థలములు మిక్కిలి తక్కువ. ఫుట్‌బాల్ మైదానము వానిలో ఒకటి అయ్యెను.

అది మగవారి స్థలముగానే నిలిచిపోవుట కేవలము యాదృచ్ఛికము కాదు. మొదటి ప్రపంచయుద్ధకాలమున యుద్ధసామగ్రి ఫ్యాక్టరీలలో పనిచేసిన స్త్రీలు జట్లు కట్టి ఫుట్‌బాల్ ఆడిరి. ప్రెస్టన్ పట్టణపు ‘డిక్ కెర్’ ఫ్యాక్టరీ స్త్రీల ఆట చూచుటకు 1920 డిసెంబరు 26న లివర్‌పూలులోని గుడిసన్ పార్కునకు సుమారు 53,000 మంది వచ్చిరి. మరుసటి యేడు డిసెంబరు 5న ఫుట్‌బాల్ అసోసియేషన్ వారు ఈ ఆట స్త్రీలకు తగదని తీర్మానించి, తమ క్లబ్బుల మైదానములలో స్త్రీల పోటీలు జరుగరాదని నిషేధించిరి. సుమారు అర్ధశతాబ్ది కాలము ఆ నిషేధము నడచెను. మగవారి గూడునకు గోడలు ఇట్లు కట్టబడినవి.

ఆ గూడు అన్నివేళల ప్రశాంతముగా నుండెనా? లేదు. 1885లో ఆస్టన్ విల్లాపై గెలిచిన ప్రెస్టన్ ఆటగాండ్రను ప్రేక్షకులు రాళ్ళతోను కర్రలతోను తరిమికొట్టిరి. 1909లో స్కాట్లండులోని గ్లాస్గో నగరమున సెల్టిక్, రేంజర్స్ జట్ల ఫైనల్ ఆట రెండవసారియు తేలకపోవుటచే జనము మైదానములోనికి దూకి, గోలుస్తంభములు పెరికి, నిప్పు పెట్టిరి. ‘హూలిగన్’ అను మాట 1898వ సంవత్సరపు వేసవిలో లండను పత్రికలలో వ్యాప్తికి వచ్చినది. అది ఫుట్‌బాల్ మాట కాదు. వీథులలో తిరుగు అల్లరి యువకులకు పెట్టిన పేరు. ప్రతి తరమువారును తమ బాల్యమున లోకము మంచిదనియు, ఇప్పుడే చెడినదనియు తలపోయుదురు. చరిత్ర ఆ తలంపును బలపరచుట లేదు.

కాని మరియొక చిత్రము కూడ చరిత్రలో కలదు. 1923 ఏప్రిల్ 28న వెంబ్లీలో క్రొత్తగా కట్టిన మైదానమున తొలి కప్ ఫైనల్ జరిగెను. బోల్టన్ వాండరర్స్ జట్టుతో తలపడినది మన వెస్ట్ హామ్ జట్టే. అధికారపు లెక్క ప్రకారము వచ్చినవారు 1,26,047 మంది. గోడలు దూకి వచ్చినవారితో కలిపినచో రెండు లక్షలకు మించి యుందురని పలువురి అంచనా. ఆడుటకు చోటు లేక మైదానమంతయు జనముతో నిండిపోయెను. జార్జి స్కోరీ అను పోలీసు, బిల్లీ అను తన తెల్లగుఱ్ఱముపై నెక్కి, తక్కిన పోలీసులతో కలిసి, మెల్లమెల్లగా జనమును గీత అవతలికి నడిపించెను. నలుబది నిమిషములకు పైగా ఆలస్యమైనను ఆట జరిగెను. ఆనాడు జనమునకును ఆటకును నడుమ కంచె లేదు. ఉన్నచో ఏమి జరిగియుండెడిదో తలచుకొన్న భయము పుట్టును. రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన పిమ్మట, 1948–49 క్రీడాకాలములో, ఇంగ్లండు లీగు ఆటలు చూచినవారి సంఖ్య నాలుగు కోట్ల పది లక్షలు దాటెను. ఇందరు మగవారు ఒకచోట గుమిగూడినను అధికభాగము ఆటలు శాంతముగనే ముగిసినవి. గుంపు అన్నంతమాత్రమున మూక కాదు.

మరి మూక ఎప్పుడు పుట్టెను? 1960 తరువాత అని పెక్కుమంది చరిత్రకారులు చెప్పుచున్నారు. యువకుల చేతిలో కొంత డబ్బు ఆడుచుండెను. రైళ్ళలో దూరప్రాంతములకు పోయి తమ జట్టు ఆట చూచుట తేలిక అయ్యెను. మైదానములో గోలు వెనుకనున్న మెట్లవరుసలు క్రమముగా పడుచువాండ్ర స్థావరము లయ్యెను. తండ్రులు ఒకచోట, కుమారులు వేరొకచోట. వచ్చిన పరాయివారి మెట్లవరుసలను ‘ఆక్రమించుట’ వారికి ఒక ఆట అయ్యెను. 1968లో బర్మింగ్‌హామునకు చెందిన మానసికవైద్యుడు జాన్ హారింగ్టన్ ఈ విషయమై నివేదిక యొకటి ప్రకటించెను. 1974 ఆగస్టులో బ్లాక్‌పూల్ మైదానమున ఒక యువకుడు కత్తిపోటునకు గురియై మరణించెను. అప్పటినుండి అభిమానులను వేరుచేసి నిలుపుటయు, ఇనుప కంచెలు నాటుటయు విస్తరించెను.

ఈ కాలముననే లండను తూర్పుభాగపు జీవనము తలక్రిందులయ్యెను. థేమ్స్ ఐరన్ వర్క్స్ 1912లోనే మూతపడెను. ఓడరేవులు 1967 నుండి ఒక్కటొక్కటిగా మూతపడి, 1981లో రాయల్ డాక్స్ తో ఆ కథ ముగిసెను. పనివారి జట్టు నిలిచెను, పని నిలువలేదు. సుత్తెల గుర్తు చొక్కాపై ఉన్నది. సుత్తె పట్టిన చేయి లేదు.

దీనినిబట్టి, పని పోయినందున మగవాడు మూకలో చేరెనని సులభముగా తీర్మానింపవచ్చునా? పండితులలో ఏకాభిప్రాయము లేదు. క్లబ్బులు ధనికుల వశమై, తమవాడనుకొన్న ఆటగాడు తమకు అందని వాడగుటచే కార్మికులలో పుట్టిన ఆగ్రహమే ఇది యని 1970 ప్రాంతమున ఇయాన్ టేలర్ వాదించెను. ఆక్స్‌ఫర్డు మైదానమును పరిశీలించిన పీటర్ మార్ష్, ఈ కొట్లాట పైకి కనిపించునంత విచ్చలవిడిది కాదనియు, దానికి లోపల కట్టుబాట్లున్నవనియు 1978లో వ్రాసెను. లెస్టరు విశ్వవిద్యాలయమునకు చెందిన ఎరిక్ డన్నింగ్, ఆయన సహచరులు దీనికి నూరేండ్ల పూర్వచరిత్ర కలదని చూపి, అట్టడుగు కార్మికవర్గములోని మగతనపు సంప్రదాయమును కారణముగా పేర్కొనిరి. ఆ వర్గనిర్ణయమును షెఫీల్డు అభిమానుల నడుమ తిరిగి పరిశీలించిన గేరీ ఆర్మ్‌స్ట్రాంగ్ 1998లో ప్రశ్నించెను.

‘ది ఫర్మ్’ చిత్రము వచ్చి నిలిచినది సరిగా ఈ వివాదపు నడుమ. బెక్సీ నిరుద్యోగి కాడు. ఇండ్ల ధరలు పెరుగుచున్న కాలమున లాభపడినవాడు. ఆకలి వానిని వీథిలోనికి నెట్టలేదు. క్లార్క్ మనకు చూపినది కరవు కాదు, వెలితి. ఉద్యోగము, ఇల్లు, కారు, వీనిలో ఏదియు వానికి ‘నీవు ఫలానివాడవు’ అని చెప్పలేకపోయెను. మూక చెప్పెను. ‘ఫర్మ్’ అనగా వ్యాపారసంస్థ. వెస్ట్ హామ్ క్లబ్బు పేరు చెప్పుకొని తిరిగిన నిజమైన మూక తన్ను తాను ‘ఇంటర్ సిటీ ఫర్మ్’ అని పిలుచుకొనెను. అభిమానుల కొరకు నడుపు ప్రత్యేక రైళ్ళు ఎక్కక, పోలీసుల కన్ను గప్పుటకై, మామూలు ఇంటర్ సిటీ రైళ్ళలో, ఖరీదైన దుస్తులు ధరించి ప్రయాణము చేయుటచే వారికి ఆ పేరు వచ్చెను. దెబ్బలు తినినవాని వద్ద, తమను కలిసికొన్నందులకు అభినందనలు తెలుపుచు అచ్చువేసిన కార్డు విడిచి పోవువారట! పూర్వము కర్మాగారము జట్టును కనెను. ఇప్పుడు మూకయే వ్యాపారసంస్థ వేషము వేసెను. ఇక బంతితో పని యేమి? వారికి కావలసినది ఎదుట ఒక శత్రువు. శత్రువు లేనిదే ‘మనము’ అను మాట వారి నోట పలుకదు. చిత్రములో ఆట లేకుండుటకు కారణము ఇదియేనని మేము తలచుచున్నాము.

1985వ సంవత్సరము ఆంగ్ల ఫుట్‌బాల్ చరిత్రలో చీకటి యేడు. మార్చి 13న లూటన్ పట్టణమున మిల్‌వాల్ జట్టుతో జరిగిన కప్ పోటీలో మూకలు కుర్చీలు పెరికి పోలీసులపై విసరిరి. ఆ దృశ్యమును దేశమంతయు టెలివిజన్‌లో చూచెను. మే 11న బ్రాడ్‌ఫర్డ్ మైదానమున చెక్కగ్యాలరీకి నిప్పంటుకొని 56 మంది మరణించిరి. ఇది మూకల పని కాదు, ప్రమాదము. వెనుకనున్న ద్వారములు మూసియుండుటచే అటు పరుగెత్తినవారు పెక్కుమంది ప్రాణములు కోల్పోయిరి. ముందువైపు ఇనుప కంచె లేనందున మైదానములోనికి దూకిన వందలమంది బ్రతికిరి. మే 29న బ్రసెల్స్ నగరపు హేసెల్ మైదానమున లివర్‌పూల్ అభిమానులు కొందరు యువెంటస్ ప్రేక్షకులపైకి ఉరుకగా, గోడ కూలి, త్రొక్కిసలాటలో 39 మంది మరణించిరి. వారిలో 32 మంది ఇటలీవారు. ఇంగ్లండు క్లబ్బులు ఐరోపా పోటీలనుండి అయిదేండ్లు, లివర్‌పూల్ ఆరేండ్లు బహిష్కృతము లయ్యెను. ఇంగ్లండు లీగు ఆటలకు వచ్చువారి సంఖ్య 1985–86లో సుమారు కోటి అరువదియైదు లక్షలకు పడిపోయెను.

మూడు ఘటనలలో బ్రాడ్‌ఫర్డ్ చెప్పిన పాఠము వేరు. లూటన్, హేసెల్ చెప్పిన పాఠము వేరు. పాలకుల చెవికి రెండవది మాత్రమే వినిపించెను. అభిమాని అనగా అనుమానింపదగినవాడు అను భావము స్థిరపడెను. లండనులోని చెల్సీ క్లబ్బువారు అదే యేడు తమ మైదానమున విద్యుత్తు కంచె నిర్మించిరి. నగరపాలకులు అనుమతి నిరాకరించుటచే అందులో విద్యుత్తు ప్రవహింపలేదు. పశువులకు కట్టు కంచె మనుష్యులకు కట్టవచ్చునను ఆలోచన పుట్టుటయే ఆ కాలపు మనోవైఖరికి నిదర్శనము.

‘ది ఫర్మ్’ ప్రసారమైన ఏడువారములకు, 1989 ఏప్రిల్ 15న, షెఫీల్డు నగరపు హిల్స్‌బరో మైదానమున లివర్‌పూల్, నాటింగ్‌హామ్ ఫారెస్ట్ జట్ల కప్ సెమీఫైనల్ జరుగవలసి యుండెను. లివర్‌పూల్ అభిమానులకు కేటాయించిన వైపున ప్రవేశద్వారములు చాలక వెలుపల జనము క్రిక్కిరిసెను. మధ్యాహ్నము 2 గంటల 52 నిమిషములకు పోలీసుల ఆజ్ఞపై ఒక పెద్ద ద్వారము తెరువబడెను. లోనికి వచ్చినవారికి ఎదుట కనిపించినది ఒక సొరంగమార్గము. అది అప్పటికే నిండియున్న నడిమి దొడ్లలోనికి దారితీయును. ప్రక్క దొడ్లలో చోటున్నను అటు మళ్ళించువారు లేకపోయిరి. ‘దొడ్డి’ అను మాట మేము కల్పించినది కాదు. కంచెలతో విభజించిన ఆ భాగములకు ఆంగ్లమునందును పశువుల దొడ్డికి వాడు మాటయే వాడుక. ముందున్నవారు ఇనుప కంచెకు అదుముకొని ఊపిరాడక మరణించుచుండగా, మైదానములోనికి చొరబడుటకు మూక ప్రయత్నించుచున్నదని పోలీసులు మొదట తలచిరి. మూడు గంటల ఆరు నిమిషములకు ఆట నిలిపివేయబడెను. ఆ దుర్ఘటనలో మృతుల సంఖ్య కాలక్రమమున 97కు చేరెను. గాయముల ఫలితముగా కడపటివాడు మరణించినది 2021లో. మృతులలో పదేండ్ల బాలుడు కూడ కలడు.

ఆబోతుల పోరున విరిగిన లేగకాళ్ళు ఇవియే. హిల్స్‌బరోలో ఆనాడు కొట్లాట లేదు. కాని వేరొకచోట, వేరొకనాడు జరిగిన కొట్లాటల కొరకు నాటిన కంచె అచ్చట ఉండెను. కంచె కంటె కఠినమైన అనుమానము ఉండెను. ఆ అనుమానమును ఆసరాగా చేసికొని, అభిమానులే ద్వారము బలవంతముగా తెరచిరను అసత్యము ఆ మధ్యాహ్నమే పుట్టెను. త్రాగి అల్లరి చేసిరనియు, మృతుల జేబులు దోచిరనియు ఒక దినపత్రిక పతాకశీర్షికతో ప్రకటించెను. జనము నమ్మిరి. నమ్ముటకు వారు బెక్సీవంటివారిని ఏండ్లతరబడి చూచి యుండిరి.

అదే సంవత్సరము ఆగస్టులో న్యాయమూర్తి టేలర్ తన మధ్యంతర నివేదికలో, ముఖ్యకారణము పోలీసుల నియంత్రణ విఫలమగుటయే యని స్పష్టముగా వ్రాసెను. అయినను 1991లో విచారణసంఘపు జ్యూరీ ఇది ప్రమాదమరణమని తీర్పు చెప్పెను. మూడుంబావు తరువాత జరిగిన సంగతులు ఆ విచారణలో పరిశీలింపబడలేదు. అప్పటికే అందరి ప్రాణములకును రక్షణ లేని స్థితి యేర్పడినదని వారి వాదము. పదునైదేండ్ల కుమారుని కోల్పోయిన ఆన్ విలియమ్స్ అను తల్లి దీనిని అంగీకరింపలేదు. తన బిడ్డ ఆ గడియ దాటిన పిదపకూడ జీవించి యుండెనని సాక్ష్యములు కూర్చి, పదేపదే ప్రభుత్వమును అర్థించెను. 2012లో స్వతంత్ర మండలి వేలకొలది పత్రములు పరిశీలించి, 164 పోలీసు వాఙ్మూలములు మార్పబడినవని బయటపెట్టెను. ఆ సంవత్సరము డిసెంబరులో పాత తీర్పు రద్దయ్యెను. కొన్ని నెలలకు ఆ తల్లి కన్నుమూసెను. 2016 ఏప్రిల్ 26న క్రొత్త జ్యూరీ, ఆ మరణములు చట్టవిరుద్ధమైన హననములనియు, అభిమానుల ప్రవర్తన అందుకు కారణము కాదనియు నిర్ణయించెను. 27 సంవత్సరములు పట్టెను.

ఈ కుటుంబములను ఇంతకాలము నిలిపినది ఏది? అదియు ‘మనవారు’ అను భావమే. అదే క్లబ్బు, అదే రంగు, అదే మెట్లవరుస. కాని ఇందులో ఎదుటివానిని కొట్టుటతో పనిలేదు. పోయినవారి పేరు నిలుపుటయే పని. నోరు నొక్కబడిన తల్లులు, చెల్లెండ్రు, తండ్రులు ఒకరి చేయి నొకరు పట్టుకొనిరి. మగవారి గూడు అనుకొన్న ఫుట్‌బాల్ నుండియే, మగవారు ఆడువారు అను భేదము లేని ఒక బంధుత్వము పుట్టెను. కూడియుండవలెనను కోరిక నేరము కాదని దీనివలన మనకు స్పష్టమగుచున్నది. ఆ కోరిక దేనిచేత పోషింపబడుచున్నది, దాని ఖర్చు ఎవరు భరించుచున్నారు అనునదే ప్రశ్న.

హిల్స్‌బరో తరువాత కంచెలు తొలగెను. 1990 జనవరిలో వచ్చిన టేలర్ తుది నివేదికను అనుసరించి పెద్ద మైదానములలో అందరును కూర్చుండి చూచు ఏర్పాటు వచ్చెను. 1992లో ప్రీమియర్ లీగ్ ప్రారంభమై ధనము వరదవలె పారెను. టిక్కెట్టు ధరలు పెరిగి, పాత పనివారి బిడ్డలు పెక్కుమంది గేటు వెలుపలనే మిగిలిరి. మైదానములలో కొట్లాటలు చాలవరకు తగ్గెను. అయినను పూర్తిగా పోలేదు. 2021 జూలై 11న వెంబ్లీలో ఐరోపా ఫైనల్ నాడు సుమారు 2,000 మంది టిక్కెట్టు లేకుండ లోనికి చొరబడిరి. సినిమాలవారికి కూడ ఈ విషయముపై మోజు తీరలేదు. 2004లో ‘ది ఫుట్‌బాల్ ఫ్యాక్టరీ’, 2005లో ‘గ్రీన్ స్ట్రీట్’, 2009లో ‘ది ఫర్మ్’ కథకే మరియొక రూపము వెలువడినవి. వానిలో కొట్లాటకు హంగు హెచ్చు. క్లార్క్ చిత్రములో హంగు లేదు. నెత్తురు కారినచోట నెత్తురే కారును. ఇంటికి వచ్చినచోట బిడ్డ ఏడుపే వినవచ్చును.

ఆ చిత్రపు చివరి ఘట్టమును తలచుకొని ముగింతము. బెక్సీ మరణించిన పిమ్మట మూకలవారు ఒక మద్యశాలలో గుమిగూడుదురు. ఎదుట కెమేరా కలదు. వారు నవ్వుదురు, కేకలు వేయుదురు, చనిపోయినవానిని కీర్తింతురు, ఒకటై జర్మనీకి పోదుమందురు. బ్రతికియుండగా అతడు సాధింపలేని ఐక్యమును అతని శవము సాధించి పెట్టెను. ఆ గదిలో అతని భార్య లేదు, అతని కుమారుడు లేడు. వారిని గూర్చి ఎవరును అడుగరు. లివర్‌పూలులోని కుటుంబములు ఏటేట ఏప్రిల్ 15న కూడినపుడు చనిపోయినవారి పేర్లు ఒక్కటొక్కటిగా చదివిరి. ఒక్క పేరును విడువలేదు. రెండును ఫుట్‌బాల్ అభిమానుల సభలే. రెంటికిని గల భేదము ఆ పేర్ల పట్టికలో నున్నదని మనము గ్రహించినచో, ఈ చరిత్ర చదివిన శ్రమ వ్యర్థము కాదు.